టమాటాలకి అంటని జబ్బు

ఏప్రిల్ 4

కొలతల పుస్తకంలో రాస్తున్నాను. కొలతలు ఇచ్చేవాళ్ళు ఎలాగూ రావడం లేదు. ఈ అంటుజబ్బుకి బడులు మూతపడి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. కత్తిరించి పెట్టిన యూనిఫారాలు నూట పది జతలు కొట్లో మూటల్లో ఉన్నాయి. చేతులు అతకని చొక్కాలు, పట్టీ వెయ్యని నిక్కర్లు. బడి తెరిచేసరికి ఆ పిల్లలందరూ తలా ఒక అంగుళం పెరిగి ఊరుకుంటారు. ఎవరిని తిట్టాలో తెలియక మొక్కలకి నీళ్ళు పోస్తున్నాను.

మొక్కలు మా ఆవిడవి. రెండేళ్ళ నుంచి డ్యూటీ దిగి వచ్చి, కాళ్ళు పీకుతున్నాయంటూనే మేడ పైకి ఎక్కేది. పెయింటు డబ్బాలు, పగిలిన బకెట్లు, ఎవరో పారేసిన సింకు, చేపల కొట్టువాళ్ళ థర్మోకోల్ పెట్టెలు, అన్నిట్లోనూ మట్టి నింపింది. నర్సువి, ఇంట్లో కూడా రోగులేనా అని ఎగతాళి చేసేవాణ్ణి. ఇప్పుడు ఆవిడ జ్వరాల వార్డు డ్యూటీ మీద వెళ్ళింది, నేను ఇక్కడ నీళ్ళ డబ్బా పట్టుకుని ఉన్నాను. వెళ్ళేముందు అంది: "చేతులు ఊరికే ఉంటే మీ నోరు ఊరుకోదు. పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి నీళ్ళు పొయ్యండి. బెండకాయలు మాత్రం రోజు విడిచి రోజు కొయ్యండి, లేకపోతే ముదిరిపోతాయి."

టమాటా పద్దెనిమిది, వంగ తొమ్మిది, బెండ రెండు వరసలు, పాలకూర, మిరప, ఒక సొరపాదు. కూరల బజారుకి వెళ్తే గంటన్నర వరస. అందుకని కాసింది కాసినట్టు ఎనిమిది ఇళ్ళకీ పంచుతున్నాను. ఇవాళ కింది అంతస్తులో ఉండే మా బిల్డింగు కమిటీ సెక్రటరీ గారు, రిటైరై పదేళ్ళయినా ఆఫీసు గొంతు పోని మనిషి, నా భుజం తట్టాలని చెయ్యెత్తి, దూరం గుర్తొచ్చి గాలిని తట్టారు. "మీ ఆవిడ లాంటివాళ్ళు దేవతలండీ. వాళ్ళ పుణ్యాన మనం బతుకుతున్నాం" అన్నారు. నాకు బాగుందనిపించింది. కాసిని ఎక్కువ వంకాయలు పెట్టాను.

ఏప్రిల్ 7

ఎల్లుండి వస్తుంది. ఏడు రోజులు వార్డులో డ్యూటీ, ఏడు రోజులు ఆసుపత్రి హాస్టల్లో ఒక్కతే ఒక గదిలో, ఆ తర్వాత టెస్టు. అందులో ఏమీ లేదని తేలితేనే ఇంటికి, ఒక వారం. మళ్ళీ వెళ్ళిపోవడం. కుట్టు గది ఊడ్చి పెట్టాను. మిషను హాల్లోకి లాగాను. పక్క వేశాను.

పిడుగు తలగడ మీద కాగితం పువ్వు పెట్టి వచ్చింది. పిడుగంటే మా అమ్మాయి. పదకొండేళ్ళు. అసలు పేరు పెట్టి పిలిస్తే పలకదు.

ఏప్రిల్ 9

వచ్చింది. టెస్టులో ఏమీ లేదు. కాగితం తెచ్చింది, ముద్రతో సహా.

ఆ కాగితాన్ని సెక్రటరీ గేటు దగ్గర చదవలేదు. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాడట. పిచికారీ డబ్బా మాత్రం మర్చిపోలేదు. అది మా డబ్బా! మేడ మీద మొక్కలకి కొట్టేది! అందులో ఏదో తెల్లటి ఘాటు మందు కలిపి ఆవిడ చెప్పుల మీద, సంచీ మీద, చీర కుచ్చిళ్ళ మీద కొట్టాడు. వెనక్కి తిరగమని చెప్పి వెనక కూడా కొట్టాడు. ఆవిడ కళ్ళు మూసుకుని, రెండు చేతులూ కాస్త ఎడంగా పెట్టి నిలబడింది. కొలతలు ఇచ్చేటప్పుడు అలా నిలబడతారు మనుషులు.

నేను బాల్కనీలోంచి అరిచాను. "ఏంటండీ అది! మనిషా, పురుగా?"

"జాగ్రత్తండీ, తప్పుగా అనుకోకండి. అందరి మంచికే" అన్నాడు తల పైకెత్తి.

మొన్న దేవతలన్న నోరే. అయిదు రోజుల్లో దేవతని చీడ చేసేశాడు.

ఆవిడ పైకొచ్చింది. బట్టలు బకెట్లో వేసి, తలంటుకుని, కుట్టు గదిలోకి వెళ్ళింది. పిడుగు "అమ్మా" అని పరిగెత్తబోతే గౌను పట్టుకుని ఆపాను. ఒక్క వారం ఓపిక పట్టలేదా ఈ పిల్ల? పోయినసారి గీసిన గీత చెరిగిపోయింది. బట్టల మీద గీసే సుద్దతో మళ్ళీ గీశాను. గది గుమ్మం నుంచి ఎనిమిది అడుగులు, టేపు పెట్టి కొలిచాను.

ఏప్రిల్ 10

మెట్ల దగ్గర గోడకి కాగితం అంటించారు. మాటకి మాట ఎత్తి రాస్తున్నాను, రేపు ఎవడైనా నేను కల్పించానంటే చూపించడానికి.

"నివాసితులందరికీ ముఖ్య గమనిక. ప్రస్తుత పరిస్థితుల దృష్ట్యా, ఆసుపత్రులలో పనిచేయువారు మరియు వారి కుటుంబ సభ్యులు ఉమ్మడి స్థలములను, ముఖ్యముగా మేడ పైభాగమును, తదుపరి ప్రకటన వరకు వాడరాదు. మొక్కల సంరక్షణను కమిటీ స్వీకరించినది. సహకరించగలరు."

ఈ బిల్డింగులో ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళు ఎంతమంది? ఒక్కరు. ఆ ఒక్కరి కోసం బహువచనం. మేడ తలుపుకి కొత్త తాళం. నిగనిగలాడుతోంది.

కిందికి దిగి తలుపు కొట్టాను. సెక్రటరీ గొలుసు తియ్యకుండా అంగుళం తెరిచాడు.

"మొక్కలు మావండీ."

"కాదని ఎవరన్నారు? మీవే. మేం చూసుకుంటాం, అంతే. నీళ్ళకి వంతులు కూడా వేశాం."

"కాయలో?"

"పాడైపోనివ్వకూడదు కదండీ. సమానంగా పంచుతాం."

"మాక్కూడానా?"

ఆయన కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, ఆ ముక్క ముందు తట్టనట్టు. "అది... మీ గుమ్మం దాకా రావాలంటే ఎవరూ ఒప్పుకోవడం లేదండీ."

తలుపు వేసేశాడు. చెప్పులు చేత్తో పట్టుకుని పైకొచ్చాను. ఎందుకు చేత్తో పట్టుకున్నానో తెలియదు. కొట్టడానికేమో.

ఆవిడకి చెప్పలేదు. ఉన్న వారం రోజులూ ప్రశాంతంగా ఉండనీ.

ఏప్రిల్ 11

పైన అడుగుల చప్పుడు. మా హాలు సరిగ్గా టమాటాల కింద ఉంటుంది. డబ్బాలు ఈడుస్తున్నారు. కాయున్న మొక్కని ఈడవకూడదు వెధవల్లారా.

ఏప్రిల్ 12

కింది అంతస్తు నుంచి బెండకాయ వేపుడు వాసన. మధ్యాహ్నం పన్నెండున్నర. మా బెండకాయలే. ఈ వీధి మొత్తం మీద ఇంకెవరికీ బెండకాయ దొరకలేదు నాలుగు రోజులుగా.

మేం పప్పూ అన్నం తిన్నాం. నిన్నా అదే. మొన్నా అదే.

ఆవిడ గదిలోంచి అడిగింది. "టమాటాలు ఎర్రబడ్డాయా?"

"ఇంకా లేదు" అన్నాను.

"ఈపాటికి పడాలే. ఎండ సరిగ్గా తగలడం లేదేమో, కాస్త తూర్పువైపు జరపండి."

"అలాగే."

అబద్ధం చెప్పించాడు నా చేత ఆ మనిషి. అది కూడా వాడి లెక్కలోనే వేశాను.

ఏప్రిల్ 13

బెండకాయలు రోజు విడిచి రోజు కొయ్యాలని వాళ్ళకి తెలియదు. ముదిరిపోతాయి. పీచు పళ్ళలో ఇరుక్కుంటుంది. అదొక్కటే తృప్తి.

ఏప్రిల్ 14

మళ్ళీ వెళ్ళాను. ఈసారి తలుపు తియ్యలేదు, కిటికీలోంచే మాట్లాడాడు.

"మా ఆవిడ ముట్టుకుందనే కదా మమ్మల్ని పైకి రావద్దన్నారు? మరి ఆ మొక్కలన్నీ ఆవిడ చేత్తో నాటినవే. ఆ కాయలు ఎలా తింటున్నారు మీరు?"

"ఉడికిస్తే పోతుందండీ. పేపర్లో రాశారు."

"ఓహో. మనిషిని ఉడికించలేక మందు కొడుతున్నారన్నమాట."

"మీరు ఆవేశపడుతున్నారు."

పడనా మరి? ఇరవై నాలుగు గంటలూ ముక్కుకి గుడ్డ కట్టుకుని, చెమటకి మొహం పుండై, దద్దుర్లతో ఇంటికొచ్చిన మనిషిని ఒక గదిలో పెట్టి, పప్పన్నం పెడుతున్నాను నేను. ఆవిడ టమాటాలు వాళ్ళు తింటున్నారు. మనిషిని అంటరానిదాన్ని చేసి, మనిషి చేతి పంటని మాత్రం లొట్టలేసుకుంటూ తినడం! వీళ్ళకి సిగ్గనేది కొలతకి కూడా దొరకదు.

ఆవిడ ఇవాళ సగం అన్నం వదిలేసింది. గీత దగ్గర పెడతాను, అవతలికి జరిపి వచ్చేస్తాను. తిన్నాక తనే కడిగి, గీత దగ్గర పెడుతుంది. నేను మళ్ళీ వేడినీళ్ళతో కడుగుతాను. అంతా పద్ధతి ప్రకారమే జరుగుతోంది. మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడే అంది, వేరే గదిలో ఉంటాను, వేరే పళ్ళెం పెట్టండని. అప్పుడింకా టెస్టులు రాలేదు.

ఏప్రిల్ 16

వెళ్ళింది. గోడ మీది కాగితం సంగతి చెప్పకుండానే పంపించెయ్యాలనుకున్నాను గానీ మెట్లు దిగుతూ చదివింది. బాల్కనీలోంచి చూశాను, మొత్తం చదివింది. పైకి నా వైపు చూసింది. సంచీ భుజం మార్చుకుని ఆటో దాకా నడిచింది.

ఏప్రిల్ 17

ఫోన్లో ఒక్కటే అడిగింది. "అయితే వారం నుంచీ మొక్కలకి నీళ్ళెవరు పోస్తున్నారు?"

వంతులు వేసుకున్నారట అన్నాను.

"సొరపాదుకి మధ్యాహ్నం పొయ్యొద్దని చెప్పండి. వేరు ఉడికిపోతుంది."

మందు కొట్టినవాళ్ళకి ఈవిడ సలహాలు! నాకు ఈవిడ మీద కూడా కోపం వచ్చింది.

ఏప్రిల్ 19

ఒక మంచి మనిషి ఉంది ఈ బిల్డింగులో. రెండో అంతస్తు టీచరమ్మ. సరిగ్గా మా కింద ఇల్లు. డెబ్భై దాటాయి, లెక్కలు చెప్పి రిటైరైంది, ఒక్కతే ఉంటుంది. ఫోన్ చేసింది.

"బాబూ, నా గుమ్మం ముందు అర కిలో టమాటాలు పెట్టి వెళ్ళారు. మీరు పంపారనుకున్నాను. రెండు తినేశాను కూడా. తర్వాత ఆ కాగితం చూశాను. కళ్ళు కనబడక ఇన్నాళ్ళూ నీళ్ళ మోటారు సంగతేమో అనుకున్నా. నాకు ఆ రెండూ అరగడం లేదు. సంచీ దింపండి."

తాడు కట్టి బాల్కనీలోంచి సంచీ దింపాను. మిగిలినవన్నీ వేసింది. పైకి లాగుతుంటే పిడుగు చప్పట్లు కొట్టింది. మూడు పచ్చివే కొరుక్కు తినేసింది, రసం గౌను మీద కారుతున్నా తుడుచుకోలేదు. తొమ్మిది రోజుల తర్వాత మా టమాటాలు మా ఇంటికొచ్చాయి, అది కూడా ముసలావిడ దయ వల్ల.

టీచరమ్మ ఇంకో మాట చెప్పింది. "మే మూడో తారీకు ఆదివారం మీటింగు పెట్టమని అడిగాను. మేడ మీదే. అందరూ వస్తారు. మీరు మాట్లాడండి. కాకపోతే బాబూ, తిట్టకండి. తిట్టారంటే తిట్టు గురించే మాట్లాడతారు."

ఏప్రిల్ 20

మాట్లాడతాను. ఎందుకు మాట్లాడను.

ఏప్రిల్ 24

ఉపన్యాసం రాసుకున్నాను. నాలుగు పేజీలు. పిడుగుని మంచం మీద కూర్చోబెట్టి చదివి వినిపించాను. "సాటి మనిషిని దూరం పెట్టడం కన్నా నీచం ఇంకోటి లేదు" అన్నచోట గొంతు కాస్త పెంచాలని గుర్తు పెట్టుకున్నాను.

అది చెయ్యెత్తింది, క్లాసులోలాగా.

"దూరం పెట్టడం అంటే ఎన్ని అడుగులు నాన్నా?"

"అంటే?"

"మన గీత ఎనిమిది అడుగులు కదా. అంతకన్నా ఎక్కువైతేనే నీచమా?"

టీవీ ఎక్కువైపోయింది దీనికి. రేపటి నుంచి కట్.

ఏప్రిల్ 25

అది వేరు, ఇది వేరు. ఆ పిల్లకి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి? మనది జాగ్రత్త. వాళ్ళది అన్యాయం.

ఏప్రిల్ 27

పాలకూర పూర్తిగా పోయిందని టీచరమ్మ చెప్పింది. వేళ్ళతో సహా పీకేశారట. ఆకు గిల్లుకుంటే మళ్ళీ వస్తుందని ఆ మహానుభావులకి తెలియదు.

ఏప్రిల్ 30

ఇవాళ నేనెవరో చూపించాను.

ఆటో శబ్దం వినగానే కిందికి పరిగెత్తాను. సెక్రటరీ అప్పటికే డబ్బా పట్టుకుని గేటు దగ్గర సిద్ధం. ఆవిడ సంచీ కింద పెట్టి, చేతులు ఎడంగా పెట్టింది, అలవాటైపోయినట్టు! అది చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. డబ్బా లాక్కుని రోడ్డు మీదికి విసిరేశాను. మూత ఊడి మందంతా కాలవలోకి పోయింది.

"కొట్టండి ఇప్పుడు! ఏది, కొట్టండి! ముద్ర వేసిన కాగితం ఇదిగో, చదవండి! చదువు రాదా?"

సెక్రటరీ రెండడుగులు వెనక్కేశాడు. బాల్కనీల్లో మనుషులు నిండిపోయారు. నేను ఆవిడ సంచీ ఎత్తుకుని ముందు నడిచాను. ఛాతీ నలభై అంగుళాలు నాది, ఆ మెట్లెక్కుతున్నంతసేపూ నలభై నాలుగు.

ఇంట్లోకొచ్చాం. ఆవిడ స్నానం చేసి వచ్చి, తడి జుట్టుతో, తిన్నగా వంటగదిలోకి నడిచింది. టీ గిన్నె అందుకుంది.

"ఏయ్! గీత!" అని అరిచాను.

అప్రయత్నంగా వచ్చేసింది నోట్లోంచి. పిడుగు ఉలిక్కిపడింది. ఆవిడ గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. కింద చూసింది. గీత ఆవిడ కాళ్ళ వెనక ఎక్కడో ఉంది.

"టెస్టు వచ్చింది కదండీ" అంది.

"వచ్చిందనుకో. అయినా..."

"కాగితం మీరే కదా చూపించారు ఇందాక. అందరికీ వినబడేలా."

నేను గీత వైపు చూశాను.

"ఆయన మందు కొట్టాడు. కొడితే కొట్టాడు, ఆయన నాకెవరు? పరాయి మనిషి." గిన్నె పొయ్యి మీద పెట్టింది, వెలిగించలేదు. "వార్డులో రోజుకి ఇరవై మందికి నా చేత్తో తినిపిస్తాను. ముసలాళ్ళకి దగ్గర కూర్చుని, గడ్డం పట్టుకుని. ఇంటికొస్తే నా ఎదురుగా కూర్చుని తినేవాళ్ళు లేరు. మీరు నా పళ్ళెం కాలితో తోస్తున్నారు."

టీ పెట్టుకోకుండానే గదిలోకి వెళ్ళిపోయింది. తలుపు గడియ పడింది. ఇదివరకు దగ్గరికి వేసుకునేదంతే.

నేను కాలితో తొయ్యలేదు.

మే 1, పొద్దున

తోశాను. ఒక్కసారి. చేతిలో పిడుగు గ్లాసు ఉంది, వంగడానికి లేక.

మే 1, మధ్యాహ్నం

ఒక్కసారి కాదు.

మే 1, సాయంత్రం

రోజూ. మార్చిలో వచ్చినప్పటి నుంచీ. గీత దగ్గర పెట్టి, ఎడమ కాలి బొటనవేలితో అవతలికి తోసి, వెంటనే వెనక్కి వచ్చేవాణ్ణి. ఊపిరి కూడా బిగబట్టేవాణ్ణి. తర్వాత కాలు కడుక్కునేవాణ్ణి. ఆవిడ తలుపు సందులోంచి చూస్తుందని నాకు తెలుసు. తెలిసే చేశాను. పుస్తకంలో "జరిపి" అని రాశాను. వెనక్కి తిప్పి చూశాను, అలాగే రాసి ఉంది. ఎవరూ చదవని పుస్తకంలో కూడా.

సెక్రటరీ పిచికారీ కొట్టినప్పుడు కనీసం ఆవిడ మొహం చూసి కొట్టాడు.

మే 2

గీత తుడిచేశాను. తడిగుడ్డతో, మోకాళ్ళ మీద కూర్చుని. రోజూ గీసి గీసి గచ్చు లోపలికి ఇంకిపోయిందది, బ్రష్షు పెట్టి రుద్దాల్సి వచ్చింది. పిడుగు నీళ్ళు పట్టుకొచ్చింది.

అన్నం వండి, గది తలుపు కొట్టి, బయటికి వచ్చి మాతో తినమని పిలిచాను.

"అక్కడ పెట్టండి. తింటాను" అంది లోపల్నుంచి.

"నువ్వు రా."

"మీరు పిలిచినప్పుడల్లా రావడానికీ, వద్దన్నప్పుడల్లా పోవడానికీ నేనేం మీ కుట్టు మిషన్నా?"

పళ్ళెం గుమ్మం ముందు పెట్టాను. చేత్తో. తిరిగొచ్చేశాక చూస్తే, తీసుకుని తలుపు వేసుకుంది.

కోపం వచ్చింది నాకు. క్షమించమని అడగలేదు నేను, నిజమే, కానీ పిలిచానుగా! ఈ వాక్యం రాసి చదువుకున్నాను. సెక్రటరీ గొంతులా ఉంది.

మే 3

మీటింగు. అయిదు గంటలకి.

ఇరవై మూడు రోజుల తర్వాత మేడ మీదికి వెళ్ళాను. చూడకుండా ఉండాల్సింది. టమాటాల్లో ఆరు మిగిలాయి. మిగతావి కొమ్మలు విరిగి వేలాడుతున్నాయి, కాయ కొయ్యడం కాదు, పీకారు. వంగకి పురుగు పట్టింది. సొరపాదు తాడులా ఎండిపోయింది. బెండకాయలు చేతికర్రల్లా ముదిరి నిలబడ్డాయి. పాలకూర పెట్టెలో ఎవరో సిగరెట్టు పీకలు గుచ్చారు. ఎనిమిది ఇళ్ళవాళ్ళు, తలా ఒక మూల నిలబడ్డారు, మూతులకి గుడ్డలు. ఆవిడ రాలేదు. పడుకుంది.

జేబులో నాలుగు పేజీలున్నాయి. తీశాను. మొదటి పేజీ బాగానే చదివాను. పిచికారీ సంగతి, తాళం సంగతి, అది ఎవరి చేతి పంటో ఆ సంగతి. కొంతమంది కింద చూశారు. రెండో పేజీలో ఉండగా సెక్రటరీ అడ్డం వచ్చాడు.

"ఒక్క నిమిషం. ఇన్ని చెప్తున్నారు, మీ ఇంట్లో మీరంతా కలిసే తింటున్నారా? ఆవిణ్ణి వేరే గదిలో పెట్టి, సుద్దతో గీత గీశారట కదా. మీ పాప నా మనవరాలితో ఫోన్లో చెప్పింది."

పిడుగు నా పక్కనే ఉంది. నా వైపు చూడకుండా వంగమొక్క ఆకులు లెక్కపెడుతోంది.

లేదని చెప్పొచ్చు. డాక్టరు చెప్పాడనొచ్చు. రెండూ నాలుక చివరిదాకా వచ్చాయి.

"గీశాను" అన్నాను. "ఎనిమిది అడుగులు. ఆవిడ పళ్ళెం కాలితో తోశాను కూడా. అది పాపకి తెలియదు, అందుకే మీకు చేరలేదు."

ఎవరో నోటి మీది గుడ్డ సర్దుకున్నారు.

"కాబట్టి మీరెందుకు చేశారో నాకు మీకన్నా బాగా తెలుసు. జాగ్రత్త అయితే ఆవిడ టెస్టు కాగితం చదివేవాళ్ళం. నేనూ చదవలేదు, మీరూ చదవలేదు. మనకి భయం. పిరికిపని చేసి దానికి పద్ధతని పేరు పెట్టుకున్నాం. నేను చేసింది మీరు చేసినదానికన్నా నీచం, ఎందుకంటే ఆవిడ నా మనిషి. అలాగని మీరు చేసింది మంచిదైపోదు. తాళం చెవి ఇవ్వండి."

"కమిటీ నిర్ణయం అది, నా ఒక్కడిదీ కాదు" అన్నాడు సెక్రటరీ.

అప్పుడు టీచరమ్మ కుర్చీలోంచి లేచింది. "అయితే లెక్క చూద్దాం. ఆ కాగితం అంటించే ముందు ఎవరెవర్ని అడిగారు? మిమ్మల్ని అడిగి ఉంటే చేతులెత్తండి."

ఒక్క చెయ్యి లేచింది. సెక్రటరీ గారి భార్యది. అది కూడా భుజం దాకానే.

"మొత్తం పద్నాలుగు మందిలో ఒకరు. దీన్ని కమిటీ అనరు, కాపురం అంటారు" అంది టీచరమ్మ.

ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. సెక్రటరీ తాళం చెవి నా చేతికివ్వలేదు, గోడ మీద పెట్టి దిగిపోయాడు. క్షమించమని ఆయన అనలేదు. మిగతావాళ్ళూ అనలేదు. "మొక్కలు మళ్ళీ వేసుకోవచ్చులెండి" అంది ఒకావిడ, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు. నాలుగు పేజీలూ మడిచి జేబులో పెట్టుకున్నాను.

మెట్ల దగ్గరి కాగితం చింపడానికి వెళ్తే అప్పటికే చింపేసి ఉంది. ఎవరు చింపారో చెప్పలేదు. అది కూడా ధైర్యంగా చెయ్యలేరు వీళ్ళు.

మే 4

తలుపు బయట నిలబడి చెప్పాను. మేడ మీద ఏం జరిగిందో, నేనేం ఒప్పుకున్నానో, అంతా.

"అందరి ముందూ చెప్పారా?"

"చెప్పాను."

"నాకు చెప్పకుండా?"

ఉపన్యాసానికి మనుషుల్ని వెతుక్కుంటూ మేడెక్కాను గానీ, ఎనిమిది అడుగుల అవతల ఉన్న మనిషికి ఒక్క ముక్క చెప్పలేదు. గుమ్మం దగ్గర కింద కూర్చున్నాను. "తప్పు చేశాను. నువ్వంటే భయం కాదు. నువ్వు పోతావేమోనని భయం, నేను పోతానేమోనని భయం, రెండూ కలిసి నీ పళ్ళెం మీద పడ్డాయి" అన్నాను. ఇంకా ఏదో అన్నాను. వరస సరిగ్గా గుర్తులేదు.



"వంగకి పురుగు పట్టిందన్నారు. ఎలాంటి పురుగు?" అంది చివరికి.

మే 5

ఆవిడా పిడుగూ పొద్దున మేడ మీదికి వెళ్ళారు. నన్ను పిలవలేదు. బాగుపడని మొక్కలన్నీ పీకేశారు, మట్టి తిరగేశారు. మూడు గంటలు ఎండలో. నాకు అడుగుల చప్పుడు వినబడుతూనే ఉంది, పెద్దవి, చిన్నవి. మధ్యలో నవ్వు కూడా.

సెక్రటరీ భార్య మెట్ల మీద ఎదురై, ఈసారి పాలకూర ఎక్కువ వెయ్యండి అందట. వాళ్ళకి సిగ్గు లేదు. ఇస్తే మాత్రం నేను ఊరుకోను. ఆవిడ ఇస్తుంది, నాకు తెలుసు. ఊరుకోను.

మే 6

రేపు మళ్ళీ డ్యూటీ.

మధ్యాహ్నం అన్నం వేళకి గది తలుపు తెరుచుకుంది. నేను పిలవలేదు. ఆవిడ వచ్చి పిడుగు పక్కన, నాకు ఎదురుగా కూర్చుంది. మిగిలిన టమాటాలతో పులుసు పెట్టాను. వడ్డించాను. ముగ్గురం తినడం మొదలుపెట్టాం. పిడుగు మాట్లాడుతూనే ఉంది, ఆగకుండా, ఆగితే ఏమైపోతుందో అన్నట్టు. ఫోన్లో పాఠాలు, టీచరమ్మ చెప్పిన లెక్క, పక్కవీధి కుక్క పిల్లలు.

నాలుగో ముద్ద దగ్గర ఆవిడ నిద్రపోయింది. కూర్చునే. గోడకి తల ఆనించి, ముద్ద చేతిలో ఉండగానే. ఇన్ని వారాల అలసట ఒక్కసారిగా మీద పడినట్టు. నోరు కొద్దిగా తెరుచుకుంది. ముక్కు మీద, చెంపల మీద గుడ్డ కట్టిన గాట్లు. ఇంత దగ్గరనుంచి ఇప్పుడే చూశాను. నల్లబడిపోయాయి.

చెయ్యి పళ్ళెం అంచు మీంచి జారిపోతోంది. లేపాలా వద్దా తెలియలేదు. లేచి వెళ్ళి పక్కన కూర్చుని, ఆ చెయ్యి కింద నా చెయ్యి పెట్టాను. మెతుకులు నా అరచేతిలోకి రాలాయి. వేళ్ళు వెచ్చగా ఉన్నాయి. నా గుండె దడదడలాడింది, ఉన్నమాట రాస్తున్నాను, భయంతోనే. చెయ్యి తియ్యలేదు.

పిడుగు మాట్లాడటం ఆపేసింది.

ఎంతసేపో. ఆవిడ కళ్ళు తెరిచి నన్ను చూసింది, తన చేతిని చూసింది. లాక్కోలేదు. నిద్రలోంచి ఇంకా పూర్తిగా రాని గొంతుతో,

"ఇంకొంచెం వెయ్యండి" అంది.

వేశాను.